థీసిస్ ట్రయల్‌లో అంకెలను కాపాడుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప వైద్య కళాశాలల్లో థీసిస్ కోసం ఒక మందును రోగులపై పరీక్షించే చిన్న ట్రయల్ మొదలుపెట్టబోతున్న పీజీ విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను. లేని రోగిని ఉన్నట్టు రాయడం మోసమని అందరికీ తెలుసు. ఉన్న అంకెల్లో నచ్చినవి మాత్రమే చూపించడం కూడా రేపు ఆ మందు వాడబోయే రోగిని అంతగానూ దెబ్బతీస్తుందన్న సంగతే తరచు మరుగున పడిపోతుంది.

మొదటి రోగిని చేర్చుకోకముందే మీ ప్రధాన ఫలితాన్ని ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘నొప్పి తగ్గుదల’ అంటే చాలదు. దేనితో కొలుస్తారో, ఎన్నో వారంలో కొలుస్తారో అందులో ఉండాలి. ఎథిక్స్ కమిటీ ఆమోదం రాగానే దాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే సీటీఆర్ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి. రోగులను చేర్చుకోవడం మొదలైన తర్వాత వచ్చే ట్రయల్స్‌ను 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ నమోదు చేసుకోవడం లేదు గనుక ఈ పనిని వాయిదా వేయకూడదు. థీసిస్ రాసే రోజున ఆ నమోదు పత్రాన్ని పక్కనే పెట్టుకుని, ప్రధాన ఫలితం మారి ఉంటే ఎప్పుడు, ఎందుకు మారిందో దాచకుండా రాయండి.

మన ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది మధ్యలో రాకుండా పోయిన రోగుల విషయంలో. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు నుంచి వచ్చేవారిలో చాలామంది మిరప కోతల కాలంలో గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు వెళ్తారు. అరవై మందిలో పద్నాలుగు మంది తిరిగి రాలేదనుకుందాం. వారిని పక్కకు తీసేసి నలభై ఆరు మందితోనే లెక్క కట్టడం సులువే కానీ, వారిలో కొందరు సుగ్గికి పోయి ఉండవచ్చు, కొందరు మందు పడక మానేసి ఉండవచ్చు. ఆ రెండో రకం వారు జారిపోతే మందుకు లేని మంచితనం వచ్చిపడుతుంది. అందుకే చేర్చుకునే రోజే ఊళ్లో ఉండే బంధువు ఫోన్ నంబరు కూడా తీసుకోండి, తిరిగి చూసే తేదీలను సుగ్గి కాలాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించండి, ఎవరికి ఏ చికిత్సో లాటరీలా తేల్చే సీలు కవరులో ఏ గుంపు వస్తే ఆ గుంపులోనే చివరిదాకా లెక్కించండి, రాని ప్రతి ఒక్కరికీ కారణం రాయండి.

ఫలితం రాలేదని ఆడవారిలో, మధుమేహం ఉన్నవారిలో, యాభై దాటినవారిలో అంటూ విడగొట్టి వెతకకండి. నిజంగా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే కనీసం ఒకటైనా 0.05 కంటే తక్కువ పీ విలువ (తేడా నిజమేనని సాధారణంగా ఒప్పుకునే హద్దు) చూపే అవకాశం దాదాపు 64 శాతం. గుండెపోటుపై 17,187 మందితో జరిగి, 1988లో ప్రచురితమైన ఐసిస్-2 ట్రయల్‌లో ఆస్పిరిన్ ప్రాణాలు కాపాడిందని స్పష్టంగా తేలింది. అయినా రాశుల వారీగా విడగొట్టి చూస్తే మిథున, తులా రాశుల వారికి మేలు కనిపించలేదు. ఇలాంటి విభజన ఎంత నమ్మరానిదో చూపడానికే పరిశోధకులు ఆ లెక్కను ముందుపెట్టారు.

ఇక కేస్ షీటు, అంటే రోగి వివరాలు రాసే కాగితం. పాదరసం బీపీ పరికరం మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. 130, 140, 150 అంటూ ప్రతి రీడింగూ సున్నాతోనే ముగుస్తుంటే ఎవరో ఉజ్జాయింపుగా వేశారని అనుమానించి, కొలిచినవారితో కూర్చుని మాట్లాడండి. తప్పు పడిన అంకెపై వైట్‌నర్ పూయకుండా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకమూ తేదీ వేయండి.