గర్భసంచి అతుకుల ఆపరేషన్: ముందు ఇవి అడగండి

అబార్షన్ అయ్యాక క్యూరెటింగ్ (గర్భసంచి లోపల గీకి శుభ్రం చేయడం) చేశారు. ఆ తర్వాత నాకు నెలసరి చుక్కలకు తగ్గి, చివరికి ఆగిపోయింది. ఆరునెలలు 'టెన్షన్ వల్లే' అన్నారు. బెంగళూరులో ఇంకో డాక్టరమ్మ కెమెరాతో చూసి, లోపల గోడలు అతుక్కుపోయాయని, దీన్ని యాషర్‌మన్ సిండ్రోమ్ అంటారని చెప్పింది.

మొదట అడగాల్సింది: అతుకుల్ని దేంతో కోస్తారు? సన్న కత్తెరతో అయితే గర్భసంచి లోపల మిగిలిన పొరకు వేడి తగలదు. కరెంటు పరికరంతో పొర కాలే ప్రమాదం ఉంది. పొట్ట మీద కోత ఉండదు, కెమెరా గొట్టం కిందినుంచే వెళ్తుంది. అతుకులు మరీ ఎక్కువైతే గర్భసంచికి చిల్లు పడొచ్చు, కాబట్టి స్కాన్ చూస్తూ చేస్తారా అనీ అడగండి.

గోడలు మళ్లీ అంటుకోకుండా నాకు లోపల చిన్న బెలూన్ పెట్టారు. దాని గొట్టం తొడకు ప్లాస్టర్ వేసి అతికించారు. మారతహళ్లి వరకూ ఆటోలో ప్రతి గుంతా తెలిసింది! వదులు నైటీ, పెద్ద ప్యాడ్లు దగ్గర పెట్టుకోండి. జ్వరం, దుర్వాసన, ఎక్కువ రక్తస్రావం ఉంటే వెంటనే ఫోన్ చేయండి.

తర్వాత లోపలి పొర మళ్లీ పెరగడానికి ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మాత్రలు వాడాను. మళ్లీ కెమెరాతో చూసే రోజు మాత్రం ఎగ్గొట్టకండి, అతుకులు తిరిగి రావడం మామూలే. గర్భం వస్తే ఈ ఆపరేషన్ సంగతి చెప్పండి, మాయ (ప్లాసెంటా) గర్భసంచి గోడకు లోతుగా అతుక్కుందేమో చూస్తారు.