చెక్క విల్లు నుంచి మెటల్ విల్లుకు మారడం ఎలా? ఏది ముందు మార్చాలి, దేన్ని ముట్టుకోకూడదు

చెక్క విల్లుతో ఆర్చరీ మొదలుపెట్టిన పిల్లలకు కొన్ని నెలలు తిరిగేసరికి గ్రౌండ్‌లో పక్కవాళ్ల చేతిలో మెరిసే అల్యూమినియం విల్లు కనిపిస్తుంది, ఇక ఇంట్లో అదే పాట, నాన్నా నాక్కూడా మెటల్‌ది కావాలె అని. మన పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో ప్రపంచ యూత్ పోటీల్లో అండర్-21 కాంపౌండ్ స్వర్ణం గెలిచాక అడిగేవాళ్లకు ఇంకా హుషారొచ్చింది. రావాలి కూడా. కానీ డబ్బు పెట్టే తల్లిదండ్రులకు ముందే ఒక మాట చెప్పాలి. మెటల్ హ్యాండిల్ వల్ల బాణం వేగం పెరగదు. బాణాన్ని తోసేది లింబ్స్, అంటే పైనా కిందా వంగే రెండు రెక్కలు. నడుమ చేత్తో పట్టుకునే రైజర్‌ను మెటల్‌కు మారిస్తే దొరికేది స్థిరత్వం, ఈరోజు పెట్టిన కొలత రేపూ ఎల్లుండీ అక్కడే ఉండటం. గురి కుదరడానికి అదే పెద్ద సాయం. కానీ కొలతలు పెట్టుకోవడం రాకపోతే ఎంత ఖరీదైన రైజర్ కొన్నా లాభం లేదు.

ఇక్కడ చెప్పేదంతా రికర్వ్ విల్లు గురించే, అంటే లింబ్స్ కొనలు ముందుకు వంపు తిరిగి ఉండే మామూలు రకం. చికిత వాడే కాంపౌండ్ విల్లు, చివర్లలో చక్రాలుండేది, వేరే యంత్రం. దాన్ని విప్పాలంటే ప్రత్యేకమైన ప్రెస్ కావాలి, ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో దాని జోలికి వెళ్లొద్దు.

ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూడండి

ఒకే ముక్కగా వచ్చే ఫైబర్ ట్రైనింగ్ విల్లయితే అందులో మార్చడానికి ఏమీ లేదు, తమ్ముడికో చెల్లెకో ఇచ్చేయండి. మూడు ముక్కలుగా విడిపోయే చెక్క రైజర్ విల్లయితే లింబ్స్ ఎలా బిగుస్తున్నాయో చూడండి. లింబ్‌కు రంధ్రం ఉండి, అందులోంచి బోల్టు వేసి చేత్తో తిప్పి బిగించే రకమైతే ఆ లింబ్స్ పోటీల్లో వాడే మెటల్ రైజర్‌కు పట్టవు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, రైజర్ ఒక్కటే కొని పాత లింబ్స్ పెట్టుకుందామని అనుకుంటారు.

పోటీ విల్లుల్లో ఎక్కువగా నడిచేది ఐఎల్‌ఎఫ్ పద్ధతి, అంటే లింబ్స్ బిగించే ఒక ఉమ్మడి కొలత. లింబ్ చివర యూ ఆకారంలో గాడి ఉంటుంది, కింద స్ప్రింగ్ మీద ఆడే చిన్న బొడిపె ఉంటుంది, రైజర్‌లోకి తోస్తే టక్కున పడుతుంది. ఈ పద్ధతిలో ఒక కంపెనీ రైజర్‌కు ఇంకో కంపెనీ లింబ్స్ పెట్టుకోవచ్చు. పిల్లలు బలం పెరిగేకొద్దీ లింబ్స్ మాత్రమే మార్చుకుంటూ పోవచ్చు, రైజర్ ఏళ్ల తరబడి అదే ఉంటుంది. హోయిట్ వాళ్ల ఫార్ములా అనే ఇంకో పద్ధతి కూడా ఉంది, చూడ్డానికి ఇలాగే ఉంటుంది కానీ ఐఎల్‌ఎఫ్‌తో కలవదు. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఇది అడిగి తీరాలి.

రైజర్ కంటే ముందు రెస్టూ బటనూ

నా సలహా ఇది: మొదటి డబ్బు రైజర్ మీద పెట్టకండి. చెక్క విల్లుతో వచ్చే అంటించుకునే ప్లాస్టిక్ రెస్ట్ (బాణం ఆనే చోటు) తీసేసి ఒక మెటల్ వైర్ రెస్ట్, ఒక బటన్ కొనండి. ప్లంజర్ అని కూడా అంటారు దాన్ని, బాణాన్ని పక్కనుంచి ఆనుకుని ఉండే స్ప్రింగ్ ముక్క. మంచి చెక్క రైజర్లలో దీని కోసం ఇత్తడి బుష్ వేసిన రంధ్రం ముందే ఉంటుంది. ఈ రెండూ తర్వాత మెటల్ రైజర్‌కు కూడా పనికొస్తాయి కాబట్టి డబ్బు ఎటూ పోదు.

పెట్టేటప్పుడు పాత జిగురంతా స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి, మన ఎండాకాలం చెమటకు, దుమ్ముకు సగం తుడిచిన చోట ఏదీ నిలవదు. బటన్ కొన బాణం గొట్టం మధ్యలో తగిలేలా రెస్ట్ ఎత్తు చూసుకోండి, అంచుకు తగిలితే బాణం పైకో కిందికో జారుతుంది. పైనుంచి చూస్తే రెస్ట్ తీగ బాణం అవతలికి పొడుచుకు రాకూడదు. వస్తే ఈకలకు తగులుతుంది, కొంచెం లోపలికి వంచండి.

ఇక్కడే ఒక సంగతి. అన్నీ మెటల్ కావాలనే పట్టుదల వద్దు. బటన్ కొనకుండే తెల్లటి టోపీ, బాణం వెనక స్ట్రింగ్‌ను పట్టే గాడి ముక్క (నాక్), చివర ఈకలు ప్లాస్టిక్‌వే ఉండాలి. కార్బన్ బాణం గొట్టానికి ఇనుము రాసుకుంటే బాణం పాడవుతుంది, అందుకే అరిగేది ఆ టోపీ అయ్యేలా చేశారు. దానిమీద గాడి పడితే తీసి కొత్తది వేయండి.

సైజు, బరువు లెక్క

రైజర్లు 23, 25, 27 అంగుళాల్లో వస్తాయి. ఎక్కువ మంది వాడేది 25. దానికి షార్ట్ లింబ్స్ పెడితే విల్లు పొడవు 66 అంగుళాలు, మీడియం అయితే 68, లాంగ్ అయితే 70. లాగే పొడవు 26 అంగుళాల లోపున్న పిల్లలకు 64 లేదా 66 చాలు, 28 దాకా 66 లేదా 68, అంతకుమించితే 68 లేదా 70.

లింబ్ మీద రాసిన పౌండ్లు నమ్మి కొనకండి. ఆ అంకె మామూలుగా 25 అంగుళాల రైజర్ మీద, 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. ఒక్కో అంగుళం తగ్గితే దాదాపు 2 పౌండ్లు తగ్గుతుంది. అదే లింబ్ 23 రైజర్ మీద పెడితే దాదాపు 2 పౌండ్లు పెరుగుతుంది. అందుకే పాత విల్లు మీద పిల్లవాడు నిజంగా ఎంత లాగుతున్నాడో కొలవండి: బ్యాగులు తూచే చిన్న డిజిటల్ త్రాసు కొక్కేన్ని స్ట్రింగ్‌కు తగిలించి, వాడు రోజూ లాగే చోటిదాకా నెమ్మదిగా లాగి అంకె చూడండి.

కొత్తదానికి ఆ అంకెకంటే 2 నుంచి 4 పౌండ్లు తక్కువే తీసుకోండి. ఇది చెప్తే చాలామందికి నచ్చదు, పెద్ద విల్లు కొంటూ బరువు తగ్గించుకోవడమేంటి అంటారు. మెటల్ రైజర్ ఒక్కటే కిలో పైన తూగుతుంది, దానికి సైటు (గురి చూసే పరికరం), విల్లు ఊగకుండా బిగించే ముందు రాడ్డు కలిస్తే ఎడమ భుజం మీద పడే భారం ఎక్కువ. పెరిగే వయసు పిల్లల భుజంతో పందెం కాయకండి. ఫుల్‌గా లాగి పది సెకన్లు చెయ్యి వణక్కుండా నిలపగలగాలి, సాయంత్రం చివరి బాణానికి కూడా. అది రాకపోతే లింబ్స్ ఎక్కువైనట్టే.

బోల్టు విషయంలో హార్డ్‌వేర్ షాపు, లేత్ షాపు

దీనిమీద కొంచెం ఎక్కువ చెప్తాను. మన వరంగల్‌లో లేత్ షాపులకు కొదవ లేదు, పనిమంతులూ ఉన్నారు. అందుకే అన్నా ఈ బోల్టు పోయింది ఒకటి చేసిపెట్టు అని తీసుకెళ్లడం తేలిక. బటన్‌కూ, ముందు రాడ్డుకూ వాడే మర ఒకే సైజు: 5/16 అంగుళం, అంగుళానికి 24 చుట్లు. మిల్లీమీటర్లలో 7.94. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం8 బోల్టు 8 మిల్లీమీటర్లు, చూపుకు రెండూ ఒకటే. మర మాత్రం వేరు, ఎం8 మామూలు బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు, దీనికి 1.06 దగ్గర. ఎం8 మొదటి రెండు చుట్లు ఎక్కినట్టే ఉంటుంది, తర్వాత బిగుసుకుంటే స్పానర్ వేసి తిప్పుతారు, అంతే, అల్యూమినియం లోపలి మర తుడిచిపెట్టుకుపోతుంది. ఉక్కు బోల్టుకు ఏమీ కాదు, పోయేది వేల రూపాయల రైజర్. చేత్తో తిరగని బోల్టును బలంతో తిప్పొద్దు.

రాడ్డు చివర పెట్టుకునే బరువులు సరైన మరతో లేత్ మీద చేయించుకోండి, తప్పులేదు. లింబ్‌ను పట్టి ఉంచే బోల్టు మాత్రం ఎప్పుడూ చేయించొద్దు, కంపెనీదే తెప్పించండి. లాగిన ప్రతిసారీ మొత్తం భారం దానిమీదే, అది తెగితే లింబ్ ముఖం మీదికి వస్తుంది. రైజరే లోకల్‌గా కోయించుకుందామనే ఆలోచన కూడా వద్దు.

లింబ్స్ పెట్టి స్ట్రింగ్ ఎక్కించడం

లింబ్ బోల్టుకు లాక్ స్క్రూ ఉంటుంది, విల్లుకు స్ట్రింగ్ తీసి ఉన్నప్పుడు ముందు అది వదులు చేసి, బోల్టును కంపెనీ కాగితంలో చెప్పిన హద్దుల మధ్యలో పెట్టండి. పౌండ్లు తగ్గుతాయని హద్దు దాటి వెనక్కి తిప్పితే పట్టుకోవడానికి మర మిగలదు. బోల్టు మరకు పలచగా గ్రీజు రాస్తే వానాకాలం తుప్పు పట్టదు.

స్ట్రింగ్ పెద్ద కన్ను పై లింబ్‌కు, చిన్నది కింది దానికి. ఎక్కించేటప్పుడు స్ట్రింగర్ తాడు వాడండి, కాలి మధ్య పెట్టి వంచే పద్ధతి మానేయండి, లింబ్ మెలి తిరిగిపోతుంది. లాగేముందు రెండు చివర్లా స్ట్రింగ్ గాడిలో కూర్చుందో లేదో కళ్లతో చూడాలి, ప్రతిసారీ. బాణం లేకుండా లాగి వదలడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పాత చెక్క విల్లుకు డాక్రాన్ స్ట్రింగ్ వాడి ఉంటారు, అది సాగుతుంది. చివర్లు గట్టిపరిచిన కొత్త లింబ్స్‌కు సాగని స్ట్రింగ్ వేసుకోవచ్చు. ఆ కొత్త స్ట్రింగ్ తీసి పాత చెక్క లింబ్‌కు వేస్తే చివర్లు చీలుతాయి.

తర్వాత విల్లును కుర్చీకి ఆనించి వెనకనుంచి చూడండి. రెండు లింబ్స్ మీదా మాస్కింగ్ టేపు అంటించి స్కేలుతో మధ్య గీత గీస్తే సులువు. స్ట్రింగ్ ఆ రెండు గీతల మీదుగా, రైజర్ నడుమ గుండా పోవాలి. పక్కకు పోతే రైజర్‌లో ఉండే సర్దుబాటు స్క్రూలు తిప్పాలి. ఎంత తిప్పినా కుదరకపోతే లింబ్ మెలి తిరిగి ఉన్నట్టు, వారంటీలోనే వెనక్కి పంపండి.

కొలతలు, ఒక వరసలో

ముందు బ్రేస్ హైట్, అంటే హ్యాండిల్ లోతైన చోటు నుంచి స్ట్రింగ్ దాకా దూరం. 66, 68 విల్లులకు ఎనిమిదిన్నర అంగుళాల దగ్గర మొదలుపెట్టండి. స్ట్రింగ్‌కు మెలికలు పెంచితే పెరుగుతుంది, విప్పితే తగ్గుతుంది. కొంచెం కొంచెం మారుస్తూ బాణం వదిలినప్పుడు శబ్దం వినండి, మెత్తగా వినిపించే చోట ఆపండి. కొత్త స్ట్రింగ్ మొదటి రోజుల్లో కాస్త సాగుతుంది, మళ్లీ కొలవాలి.

తర్వాత టిల్లర్: పై లింబ్ మొదలు నుంచి స్ట్రింగ్‌కు, కింది లింబ్ మొదలు నుంచి స్ట్రింగ్‌కు ఉండే దూరాల తేడా. సైటుతో కొట్టేవాళ్లకు పైది 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఎక్కువుంటే మొదలుకు సరిపోతుంది. ఆపై నాకింగ్ పాయింట్, అంటే స్ట్రింగ్ మీద బాణం తగిలించే చోటు: టీ ఆకారపు స్కేలు పెట్టి, రెస్ట్ నుంచి స్ట్రింగ్‌కు లంబంగా పోయే గీతకంటే దాదాపు అర అంగుళం పైన దారంతో కట్టండి, ఇత్తడి రింగుకంటే దారమే తేలిక, మార్చడమూ సులువు. చివరగా కుడిచేతి వాటం వాళ్లకు బాణం మొన స్ట్రింగ్ గీతకు కొద్దిగా ఎడమవైపు కనపడేలా బటన్ లోపలికో బయటికో తిప్పి లాక్ చేయండి.

ఈ వరస మార్చొద్దు. బ్రేస్ హైట్ మారితే మిగతావన్నీ కదులుతాయి.

ఈకల్లేని బాణంతో పరీక్ష

18 మీటర్ల దగ్గర ఈకలున్న బాణాలు మూడు, ఈకల్లేనివి రెండు ఒకే గురితో కొట్టండి. ఈకల్లేనిది పైన పడితే నాకింగ్ పాయింట్ పైకి జరపండి, కింద పడితే కిందికి. కుడిచేతి వాళ్లకు అది ఎడమకు పడితే బాణం గట్టిది (తక్కువ వంగేది), కుడికి పడితే మెత్తనిది (ఎక్కువ వంగేది). కొద్ది తేడా అయితే బటన్ స్ప్రింగ్‌తో సరిచేయొచ్చు: గట్టి బాణానికి స్ప్రింగ్ వదులు చేయాలి, మెత్తనిదానికి బిగించాలి. తేడా ఎక్కువుంటే బాణాలే మార్చాలి. మెటల్ రైజర్‌లో బాణం పోయే కిటికీ నడిమి గీత దాటి లోపలికి కోసి ఉంటుంది, చెక్కవాటికి అంత కోత ఉండదు, కాబట్టి పాత బాణాలు కొత్తదానికి అచ్చంగా సరిపోతాయని ఆశ పెట్టుకోకండి. కార్బన్ బాణాన్ని కొట్టేముందు చెవి దగ్గర పెట్టి కొంచెం వంచి చూడాలి, చిటపట శబ్దమొస్తే అది ఇక పనికిరాదు.

ఇదంతా గ్రౌండ్‌లో, కోచ్ సార్ ముందు, వెనక గట్టి అడ్డం ఉన్న చోట మాత్రమే. డాబా మీదా, పొలం గట్టు మీదా వద్దు. ములుగు, తాడ్వాయి అడవి వైపు తీసుకెళ్లి జంతువు మీద పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

మన మే నెల ఎండలో విల్లును మూసిన కారులో వదిలేయొద్దు, లింబ్ పొరల మధ్య జిగురు వదిలేస్తుంది. ముందు రాడ్డు, వైబ్రేషన్ తగ్గించే రబ్బర్లు ఒకటి రెండు నెలలు ఆగి కొనండి, పిల్లవాడి చెయ్యి కొత్త బరువుకు అలవాటు పడ్డాక. బ్రేస్ హైట్, టిల్లర్, నాకింగ్ పాయింట్, బటన్ చుట్లు ఒక చీటీ మీద రాసి కేసు మూతకు లోపల అంటించండి, తేదీతో సహా. వారానికోసారి కొలిచి ఆ అంకెలతో పోల్చి చూడండి, ఏదైనా కదిలి ఉంటే లాక్ స్క్రూ దగ్గర మొదలుపెట్టి వెతకండి.