దసరా రాత్రి పదిమందికి బగారా, మటన్

జమ్మి పంచుకొని చుట్టాలు ఇంటికొచ్చేసరికి కూర దించి ఉండాలి. పదిమందికి 2 కిలోల మటన్, కిలోంబావు బియ్యం సరిపోతాయి. కూర మధ్యాహ్నమే వండండి, నిలిచినకొద్దీ ముక్కకు కారం పడుతుంది. ఎండుకొబ్బరి పొడి ఆఖర్న వేయాలి, ముందే వేస్తే అడుగంటుతుంది.

బగారా మాత్రం వాళ్లొచ్చాకే. బియ్యం 30 నిమిషాలు నానాలి. పాత సోనామసూరి అయితే గ్లాసుకు 2 గ్లాసుల నీళ్లు. కొత్తబియ్యానికి అన్ని పోస్తే ముద్దే. మరిగే ఎసరును నాలుకమీద వేసి చూడండి, కాస్త ఉప్పగా తగలాలి, లేకుంటే అన్నం చప్పగా అవుతుంది. పుదీన అప్పుడే వేయండి. దించాక 10 నిమిషాలు మూత తీయొద్దు, మెతుకు విరుగుతుంది.

మాంసం తిననివాళ్లకు పచ్చిపులుసు, గుత్తివంకాయ. గరిజెలు (కజ్జికాయలు) ముందురోజే చేసిపెట్టుకోవచ్చు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ మాత్రం వడ్డించేముందే కోయాలి.