సెమిస్టర్ పరీక్షల ముందు: తిరుపతిలో గదులు తీసుకుని చదివే పిల్లలకు కొన్ని జాగ్రత్తలు

ఏప్రిల్ సగం దాటిందంటే యూనివర్సిటీ చుట్టుపక్కల జెరాక్స్ షాపుల ముందు నిలబడడానికి చోటుండదు. పాత క్వశ్చన్ పేపర్లు, ఎవరో సీనియర్ రాసిన నోట్సు, యూనిట్‌కు నాలుగు పేజీల 'ఇంపార్టెంట్స్'. బాలాజీ కాలనీలో, భవానీ నగర్‌లో తెల్లవార్లూ గదుల్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చి ఇక్కడ చదివే పిల్లలకు పరీక్షలు ఏడాదికి రెండుసార్లు ఎలాగూ తప్పవు. కానీ వేసవి సెమిస్టర్ మరీ కష్టం. చదువుకు ఎండ కూడా తోడవుతుంది.

పరీక్షల టెన్షన్ అనగానే అందరూ మనసు గురించే మొదలుపెడతారు. ధైర్యంగా ఉండు, మంచిగా ఆలోచించు అంటారు. ఇన్విజిలేషన్ డ్యూటీలో మూడు గంటలు హాల్లో తిరిగే నాలాంటివాళ్లకు కనబడేది వేరు. చేతులు వణుకుతున్న అమ్మాయిని పక్కకు పిలిచి అడిగితే, రాత్రి పడుకోలేదని, పొద్దున కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదని చెబుతుంది. గుండె దడ, తలనొప్పి, కళ్లు తిరగడం, చదివింది గుర్తుకు రాకపోవడం భయం వల్లా వస్తాయి. నిద్ర లేకపోయినా, కడుపు ఖాళీగా ఉన్నా, నీళ్లు తాగకపోయినా వస్తాయి. వచ్చిన దడకు 'నాకేమీ రాదు, సబ్జెక్టు పోయినట్టే' అని మనమే అర్థం చెప్పుకుంటాం. దాంతో దడ రెట్టింపవుతుంది. కాబట్టి ముందు ఒంటి సంగతి చూసుకోండి. అప్పటికీ మిగిలితే అది టెన్షన్.

నైట్ అవుట్లు

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. రాత్రంతా మేలుకుని ఐదు యూనిట్లు తిరగేసినవాడి కంటే మూడు యూనిట్లు చదివి ఆరు గంటలు పడుకున్నవాడు హాల్లో నయంగా రాస్తాడు. ఇది చెబితే పిల్లలు నమ్మరు. గదిలో నలుగురూ మేలుకుని ఉంటే ఐదోవాడికి పడుకోవడం తప్పు చేసినట్టు ఉంటుంది. నిజానికి ఆ నలుగురిలో ఇద్దరు ఫోన్ చూస్తుంటారు, ఒకడు టీ కోసం బస్టాండు దాకా పోయుంటాడు.

కాఫీ, టీ మానమని నేను చెప్పను, చెప్పినా ఎవరూ వినరు. ఒక్క లెక్క గుర్తుంచుకోండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పది గంటలకు తాగిన కాఫీలో సగం తెల్లవారుజాము మూడుకు ఇంకా పని చేస్తూనే ఉంటుంది. పడుకున్నా నిద్ర పట్టదు, పట్టినా గాఢంగా ఉండదు. సాయంత్రం నాలుగు తర్వాత ఆపేస్తే చాలు. ఎనర్జీ డ్రింకుల జోలికి అసలు పోవద్దు. నిద్ర రాకుండా ఒకటి, నిద్ర రావడానికి ఒకటి అని ఫ్రెండ్ తెచ్చిచ్చే మాత్రలు డాక్టరు రాయకుండా వేసుకోవద్దు. కొత్త మందు ఒంటికి పడుతుందో లేదో పరీక్ష రోజున తేల్చుకోవాల్సిన సంగతి కాదు.

రెండు పరీక్షల మధ్య గ్యాప్ ఉంటే మొదటి పూట పడుకోండి. రాసొచ్చిన పేపర్ గురించి గేటు దగ్గర నిలబడి 'మూడోదానికి నువ్వేం రాసినావు?' అని లెక్కలు తేల్చుకోవడం మాత్రం చేయకండి. దానివల్ల మార్కు ఒక్కటీ పెరగదు, తర్వాతి పేపర్‌కు ఉండాల్సిన ఊపు మాత్రం పోతుంది. తలనొప్పి అనో, బస్సుకు టైమైంది అనో చెప్పి కదిలిపోండి.

ఎండ, తిండి, జాతర

డాబా మీద రేకుల గదిలో ఉండేవాళ్లకు మే నెల మధ్యాహ్నం చదువు సాగదు. బయట నలభై డిగ్రీలు దాటితే గది కుంపటే. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా కష్టమైన సబ్జెక్టు పెట్టుకోండి. ఎండ ముదిరాక లైబ్రరీకో, చెట్ల కింద నీడకో వెళ్లండి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతుండండి. మజ్జిగ, రాగి అంబలి మన వైపు ఎలాగూ దొరుకుతాయి. మెస్ అన్నం సయించక బిర్యానీ, నూడుల్స్ మీద బతికేవాళ్లు పరీక్షల వారంలోనైనా పెరుగన్నానికి రండి. పరీక్ష రోజు ఉదయం రెండు ఇడ్లీలైనా తినకుండా గది దాటొద్దు. కొత్త హోటల్‌లో కారం దోశ ఆ రోజు వద్దు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. చాటింపు వేసినప్పటి నుంచి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం అంటూ రోజుకొక వేషంతో వారం పాటు పాత ఊరంతా మైకులు, పలక మోతలే. తిరుపతిలో పెరిగినవాళ్లకు జాతర రోజుల్లో గదిలో కూర్చోవడం సాధ్యం కాదు, కూర్చోమనడం న్యాయమూ కాదు. పరీక్షల మధ్యలో వస్తే ఒక సాయంత్రం ఎంచుకుని, అమ్మవారిని చూసి, పొంగలి తిని వచ్చేయండి. 'వెళ్లనా, మాననా' అని మూడు రోజులు పుస్తకం ముందు కొట్టుకోవడం కంటే అది మేలు. మోత ఉన్న వీధిలో గది అయితే ఆ వారం దూరంగా ఉండే ఫ్రెండ్ గదికి మారండి.

ఇంకొకటి, మొక్కులు. పరీక్షకు ముందు రోజు అలిపిరి మెట్లెక్కి వస్తే పాసవుతామనే నమ్మకం ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటుంది. అలిపిరి దారిలో మెట్లు మూడున్నర వేలకు పైనే. ఎక్కి, దర్శనం క్యూలో నిలబడి, రాత్రి బస్సు దిగి, మర్నాడు పిక్కల నొప్పితో మూడు గంటలు బెంచీ మీద కూర్చోవాలి. స్వామి ఎక్కడికీ పోడు, పరీక్షలయ్యాక ఎక్కండి. హాల్ టికెట్, పెన్నులు దేవుడి ముందు పెట్టి దండం పెట్టుకుంటే పది నిమిషాల పని. దానివల్ల మనసు కుదుటపడితే కాదనేది ఎవరు?

చదవడంలో ఒక్క మార్పు

హాల్లో అంతా ఖాళీ అయిపోయిందనే మాట ఎక్కువగా వినబడేది మళ్లీ మళ్లీ చదివినవాళ్ల నోటినుంచే. పేజీ తెలిసినట్టే ఉంటుంది, కానీ పుస్తకం మూస్తే రాదు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో ఇది పరీక్షించి చూశారు. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ చదివింది. ఇంకో గుంపు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష వచ్చేది ఐదు నిమిషాల తర్వాత కాదు కదా. ఒక యూనిట్ చదివాక పుస్తకం మూసి, పాత పేపర్‌లోంచి ఒక ప్రశ్న తీసి, రఫ్ నోట్సులో హెడ్డింగులైనా రాయండి. రానిది ఏదో హాల్లో కాకుండా గదిలోనే తెలుస్తుంది. భయం తగ్గేది అక్కడ.

పరీక్షకు ముందు మరీ బెదిరేవాళ్లకు ఇంకో పని ఉంది. 2011లో 'సైన్స్' అనే పత్రికలో రామిరెజ్, బైలాక్ అచ్చు వేయించిన పరిశోధనలో, పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసుకున్న బెదురు పిల్లలు, అలా రాయనివాళ్ల కంటే మెరుగ్గా రాశారు. 'పోతే నాయన ఏమంటాడో, ఫీజు ఎట్లా కట్టాలో' అని ఉన్నది ఉన్నట్టు రాసి చించి పారేయండి. ఆ కాగితం జేబులో మర్చిపోయి హాల్లోకి మాత్రం తేవొద్దు, స్క్వాడ్ వస్తే సంజాయిషీ చెప్పుకోవడం కష్టం.

సెంటర్ వేరే కాలేజీలో పడితే ముందు రోజే వెళ్లి చూసి రండి. సెలవుల్లో యాత్రికుల రద్దీకి లీలామహల్ సర్కిల్ దాటడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఒక మాట. రోజూ ఫోన్ చేయండి, కానీ 'ఎన్ని మార్కులొస్తాయి నాయనా?' అని కాకుండా 'తిన్నావా, పడుకున్నావా?' అని అడగండి. పక్కింటి అబ్బాయికి బెంగళూరులో వచ్చిన ఉద్యోగం సంగతి పరీక్షలయ్యాక చెప్పుకోవచ్చు.

పైన చెప్పినవన్నీ మామూలు టెన్షన్‌కు పనికొస్తాయి. కొన్నిసార్లు విషయం వేరుగా ఉంటుంది. రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, అన్నం ముట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, తన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం, 'నేను లేకపోతే అందరికీ మేలు' లాంటి మాటలు. అప్పుడు ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికీ వెళ్లొచ్చు. పోయిన సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చు.

రూమ్మేట్‌లో ఇవి కనబడితే 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకోవడానికి ఒకరున్నారని తెలుస్తుంది. ఉపదేశాలు అక్కర్లేదు, విని పక్కనే కూర్చోండి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నా సరే, వార్డెన్‌కో లెక్చరర్‌కో, వాళ్లింటికో ఆ రాత్రే చెప్పండి. మీకూ పరీక్ష ఉంటే, మీరు తిరిగొచ్చేదాకా ఇంకొకరిని గదిలో ఉంచి వెళ్లండి.