ఇద్దరి కోసం పాత తెరచాప పడవ కొనడం – 4వ పాఠం: ఒకరు నడపాలి, ఒకరు చేతులు కట్టుకోవాలి

ఈ పాఠంలో సీ ట్రయల్ గురించి, అంటే కొనబోయే పడవను నీళ్ల మీద నడిపి చూడడం గురించి చెప్పుకోవాలి. కానీ మూడో పాఠం తర్వాత మీరు పంపిన నోట్స్ చదివాక, డెక్ (పడవ పై తలం) సంగతి తేల్చకుండా ముందుకు వెళ్లడం మంచిది కాదనిపించింది. చిన్న ప్లాస్టిక్ సుత్తితో డెక్ తట్టి చూడమన్నాను కదా, చాలామంది తట్టారు. కొందరికి డెక్ అంతా పుచ్చిపోయినట్టే వినిపించింది. ఇంకొందరికి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తేడా తెలియలేదు. రెండింటికీ కారణం ఒకటే. మంచి చోట శబ్దం ఎలా ఉంటుందో ముందు చెవికి అలవాటు చేసుకోకుండా అందరూ నేరుగా అనుమానం ఉన్న చోటికే వెళ్లారు.

ఫైబర్‌గ్లాస్ పడవల్లో డెక్ సాధారణంగా ఒకే మందపాటి పలక కాదు. పైన ఒక పల్చటి పొర, కింద ఒక పల్చటి పొర, మధ్యలో బాల్సా చెక్కో ఫోమో ఉంటాయి. బరువు తగ్గుతుంది, గట్టితనం పెరుగుతుంది. చిక్కంతా రంధ్రాల దగ్గర వస్తుంది. ప్రతి స్టాంచియన్‌కూ (అంచు వెంట నిలబెట్టిన కంచె కడ్డీ), ప్రతి క్లీట్‌కూ (తాడు కట్టే కొక్కెం), ప్రతి చెయిన్‌ప్లేట్‌కూ (కొయ్యను, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టే తీగలు బిగించే లోహపు పట్టీ) డెక్‌లో రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం చుట్టూ పెట్టిన సీలెంట్ ఏళ్లు గడిచేకొద్దీ పట్టు వదులుతుంది. నీరు మెల్లగా లోపలికి దిగుతుంది, బాల్సా నానుతుంది, ఆ తర్వాత పుచ్చుతుంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం.

కాబట్టి ఈసారి ఇలా చేయండి. దగ్గర్లో ఏ ఫిటింగూ లేని చోటు ఎంచుకుని అక్కడ ఒక నిమిషం పాటు ఊరికే తట్టండి. శబ్దం టక్ టక్‌మని పొడిగా వస్తుంది, సుత్తి దానంతటదే పైకి లేస్తుంది. మీ చెవికీ మణికట్టుకూ అది బాగా పట్టాక, అక్కడి నుంచి దగ్గర్లోని స్టాంచియన్ వైపు బెత్తెడు బెత్తెడు జరుగుతూ తట్టండి. శబ్దం డబ్ డబ్‌మని చచ్చుబడిన ప్రతిచోటా మాస్కింగ్ టేప్ ముక్క అతికించండి. అంతా అయ్యాక లేచి నిలబడి, ఆ ముక్కలన్నీ కలిసి ఏ ఆకారంలో ఉన్నాయో చూడండి. పడవకు అడ్డంగా, గీత గీసినట్టు తిన్నగా ఉంటే కింద బల్క్‌హెడ్ గోడ ఉన్నట్టు. లోపలికి వెళ్లి టేపుతో కొలిస్తే తేలిపోతుంది. ఫిటింగ్ చుట్టూ చక్కగా నాలుగు పలకలుగా ఉంటే, కట్టినవాళ్లు అక్కడ బాల్సా తీసేసి గట్టి ప్లైవుడ్డో ఫైబర్‌గ్లాసో పెట్టి ఉండవచ్చు, అది మంచి పనే. ఫిటింగ్ దగ్గర మొదలై వంకరటింకరగా, ఒలికిన నీళ్లలా పాకి ఉంటే మాత్రం నమ్మండి, లోపల తడి ఉంది.

తేమ మీటరు కొనాలా అని అడిగారు. నన్నడిగితే వద్దు. కింద లోహం ఉన్నా, అడుగున ఆవిరి పట్టినా అది అంకె పెంచి చూపిస్తుంది. అలవాటు లేని చేతికి మీటరు టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు. సర్వేయర్ (కొనేముందు పడవను పరీక్షించే నిపుణుడు) దగ్గర ఎలాగూ ఉంటుంది.

టేకు డెక్ ఉన్న పడవలు చూసినవాళ్లకు ఒక్క మాట. 1970, 80ల్లో తైవాన్‌లో కట్టిన క్రూజింగ్ పడవల్లో చాలావాటికి టేకు పలకలను స్క్రూలతో బిగించారు. ఒక్క డెక్‌లో వందల స్క్రూలుంటాయి, ప్రతి స్క్రూ నీటికి ఒక దారి. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా, ఆ పలకలు తీసి డెక్ బాగుచేయించే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కొనేది మీరిద్దరే, గీకేదీ మీరిద్దరే. నేనైతే అలాంటి పడవ మెట్లెక్కను.

మరి ఎంత తడి ఉంటే వదిలేయాలి? ఒకటి రెండు స్టాంచియన్ల చుట్టూ అరచేతి మేర ఉంటే అది బేరానికి పనికొచ్చే విషయం. చెయిన్‌ప్లేట్ల చుట్టూనో, కొయ్య పాదం కిందో ఉంటే వెనక్కి తిరగండి. రిగ్గింగ్ (కొయ్యనూ తెరచాపలనూ పట్టే తీగలు, తాళ్లు) బరువంతా మోసేవి ఆ చోట్లే.

ఇంకో భయం కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) గురించి. కీల్ ముందు అంచు హల్‌కు (పడవ అసలు శరీరానికి) కలిసేచోట సన్నటి పగులు చూసి ఒక జంట బేరం మానేశామని రాశారు. అతుకులో నింపిన ఫిల్లర్ మాత్రమే చిట్లడం పాత పడవల్లో మామూలే. పగులు చూడగానే పారిపోకుండా లోపలికి వెళ్లి బిల్జ్ (పడవ అట్టడుగు) పలకలు ఎత్తండి. కీల్ బోల్టుల చుట్టూ తుప్పు కారుతోందా? హల్ అడుగున బలం కోసం అతికించిన గ్రిడ్ (చట్రం) ఎక్కడైనా పగిలిందా, ఊడి వచ్చిందా? పడవ ఎప్పుడైనా నేలకు తగిలిందా అని అమ్మేవాళ్లను సూటిగా అడిగి, జవాబు రాతలో తీసుకోండి. 2014 మే నెలలో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే బ్రిటిష్ పడవ కీల్ ఊడిపోయి నలుగురు చనిపోయారు. అంతకుముందు నేలకు తగిలిన సందర్భాలు, ఆ తర్వాత కీల్‌కూ లోపలి గ్రిడ్‌కూ చేసిన రిపేర్లు కలిసి, కీల్ అతికిన చోటును బలహీనపరచి ఉండవచ్చని బ్రిటన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. బయటి పగులు కంటే లోపలి గ్రిడ్‌ను ఎక్కువ చూడమని నేను పట్టుబట్టేది అందుకే.

ఇక ట్రయల్. హ్యాలియార్డ్ (తెరచాప ఎత్తే తాడు), షీట్ (తెరచాపను లాగి పట్టే తాడు), రీఫ్ (గాలి పెరిగితే తెరచాపను కుదించడం) లాంటి మాటలు మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోను. ఆఫర్ రాసేటప్పుడే "సర్వేకూ సీ ట్రయల్‌కూ లోబడి" అని రాయించుకోవాలని, అడ్వాన్స్ వెనక్కి వచ్చే షరతు అందులోనే ఉండాలని రెండో పాఠంలో చెప్పుకున్నాం.

ట్రయల్‌కు వెళ్లేముందు ఒక్క విషయం బుర్రకెక్కాలి. ఇద్దరు కలిసి దూరప్రయాణం చేసేటప్పుడు రాత్రుళ్లు వంతులవారీగా కాపలా ఉంటారు, మూడు గంటలు ఒకరు, మూడు గంటలు ఇంకొకరు. ఒకరు మేలుకుంటే ఇంకొకరు నిద్రపోవాలి, లేకపోతే మూడో రోజుకు ఇద్దరూ పనికిరారు. అంటే ఇద్దరి పడవ చాలా గంటలు ఒక్కరి పడవే. ఇద్దరిలో శరీరబలం తక్కువ ఉన్నవాళ్లు ఒంటరిగా నడపలేని పడవ మీ ఇద్దరికీ పెద్దదే. పొడవు 35 అడుగుల నుంచి 45కు పెరిగితే పెద్ద తేడా అనిపించదు. కానీ అదే ఆకారంలో కడితే బరువు రెట్టింపు దాటుతుంది, తాళ్ల మీద లాగుడూ దానికి తగ్గట్టే పెరుగుతుంది. నా ఇష్టం అడిగితే 32 నుంచి 37 అడుగుల మధ్యే చూడమంటాను.

ట్రయల్‌ను పాడుచేసేది అమ్మేవాళ్ల సాయం. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఓనరో బ్రోకరో మర్యాద కొద్దీ, ఎక్కువసార్లు మంచి మనసుతోనే, ప్రతి తాడుకూ చెయ్యి వేస్తారు. పడవలో ఏం పాడైందో వాళ్ల చేతులకు తెలుసు. నోటికి గుర్తు లేకపోయినా చేతులకు గుర్తుంటుంది.

మెయిన్ సెయిల్ (పెద్ద తెరచాప) ఎత్తేటప్పుడు ఓనర్ కొయ్య దగ్గర నిలబడి హ్యాలియార్డ్‌ను ఒక్క విదిలింపు విదిలిస్తారు, తెరచాప పైకి జారిపోతుంది. ఆ విదిలింపు అవసరం ఎందుకు వచ్చింది? కొయ్య చివరి కప్పీ అరిగిపోయి తాడు పక్కకు ఇరుక్కుంటోంది. మీరు ఎత్తి ఉంటే సగంలో ఆగిపోయేది, మీకు తెలిసేది. రీఫ్ వేసేటప్పుడు తెరచాపను ట్రాక్ మీద జార్చే ఒక బిళ్లను (దాన్నే కారు అంటారు) కాలితో తన్నుతారు. రివర్స్ గేరులో లీవరును కాస్త అటూ ఇటూ ఆడించి వేస్తారు, అంటే కేబుల్ సాగింది. లంగరు ఎత్తేటప్పుడు లాకర్‌లో గుట్టగా పడుతున్న గొలుసును చేత్తో సర్దుతారు. రాత్రి రెండింటికి గాలి మారి లంగరు ఎత్తాల్సి వచ్చినప్పుడు, చుక్కాని దగ్గర ఒకరుంటే ఆ గొలుసు సర్దే చెయ్యి ఎవరిది?

అన్నిటికంటే పెద్ద సాయం, మీరొచ్చేసరికి ఇంజన్ వేడిగా ఉంచడం. చల్లటి డీజిల్ ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే దాని ఆరోగ్యం గురించి మీకు దొరికే మొదటి సాక్ష్యం. ఇంజన్ ముట్టవద్దని ముందురోజే చెప్పండి. పడవ ఎక్కగానే పలకరింపులు కాగానే ఇంజన్ పెట్టె తెరిచి బ్లాక్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే మర్యాదగా ఇంకోరోజు వస్తామనండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేసి వెనక ఎగ్జాస్ట్ చూడండి. మొదట కాస్త పొగ రావడం సహజం. ఆగకుండా నీలిపొగ వస్తే ఆయిల్ కాలుతోంది. లోడు మీద నల్లపొగ వస్తే ఇంజన్‌కు గాలి చాలడం లేదు, లేదా ప్రొపెల్లర్ భారమవుతోంది. తెల్లపొగ తగ్గకపోతే డీజిల్ సరిగా కాలడం లేదనో, నీరు చేరకూడని చోట చేరుతోందనో అనుమానించాలి. తర్వాత బయట నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం దగ్గరికి వెళ్తుందో లేదో చూడండి.

కాబట్టి బయల్దేరేముందే స్పష్టంగా చెప్పండి: "పడవ మేమే నడుపుతాం. మీరు కూర్చోండి. ప్రమాదం అనిపిస్తేనే చెయ్యి వేయండి." ఇదే మాట మీ ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకరు పని చేస్తుంటే రెండోవాళ్లు కాక్‌పిట్‌లో చేతులు కట్టుకుని కూర్చోవాలి. "నేను పడతాలే" అనే మాట ఆ రోజుకు నిషేధం. భార్యాభర్తల మధ్య ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా బలమైన చెయ్యి ఒకసారి సాయం పట్టిందంటే ఆ ట్రయల్‌లో మీకు సగం పడవే కనబడినట్టు.

గాలి వేగం 12 నుంచి 18 నాట్ల (గంటకు నాటికల్ మైళ్లు) మధ్య ఉన్న రోజు ఎంచుకోండి. ఆటోపైలట్ పెట్టి, ఒక్కరే మెయిన్ ఎత్తి, ఒక రీఫ్ వేసి, తీసి, జిబ్ (ముందు తెరచాప) చుట్టి, మళ్లీ విప్పాలి. తర్వాత రెండోవాళ్లు అదే పని మొదటినుంచీ చేయాలి. ఆటోపైలట్ పనిచేయకపోతే అది చిన్న లోపం కాదు. ఇద్దరే ఉన్న పడవలో అది మూడో మనిషి. లంగరును విండ్‌లాస్‌తో (లంగరు ఎత్తే యంత్రంతో) ఒకసారి ఎత్తాక, కరెంటు ఆపేసి చేత్తో ఒకసారి ఎత్తి చూడండి. 10 మిల్లీమీటర్ల గొలుసు మీటరుకు సుమారు 2.3 కిలోలుంటుంది. 10 మీటర్ల లోతులో తిన్నగా వేలాడే గొలుసే 23 కిలోలు, దానికి 20 కిలోల లంగరు తోడు. మీలో ఎవరికి నడుంనొప్పి ఉందో గుర్తుపెట్టుకుని చూడండి.

పడవ వాలి నడుస్తుండగా ఒకరు కిందకి వెళ్లి పడుకోండి. ముక్కు దగ్గర ఉన్న డబుల్ బెడ్ రేవులో ఎంత హాయిగా ఉన్నా, అలల్లో అక్కడ నిద్ర పట్టదు. పడవ మధ్యలో, ఇరుకుగా, లీ క్లాత్ (పడుకున్నవాళ్లు దొర్లిపోకుండా పక్కన కట్టే గుడ్డ) కట్టుకోవడానికి వీలుగా ఒక్క సెటీ బెర్త్ (సోఫాలాంటి పడక) ఉందా అన్నదే ప్రశ్న. స్టవ్ దగ్గర తుంటి ఆనించడానికి చోటుందా అన్నది కూడా అప్పుడే చూడండి.

రిగ్గింగ్ గురించి క్లుప్తంగా: స్టెయిన్‌లెస్ తీగలు వేసి 10 నుంచి 15 ఏళ్లు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి. ఎప్పుడు మార్చారన్నదానికి బిల్లు అడగండి. బిల్లు లేకపోతే పాతవే అనుకుని ధర లెక్కేయండి. తీగ వెంట దూదిని జార్చండి, తెగిన పోగు ఉంటే దూది పట్టుకుంటుంది. చెయిన్‌ప్లేట్లు అలమార్ల వెనక దాగి ఉంటే ఫోన్‌ను కర్రకు కట్టి వీడియో తీయండి.

అభ్యాసం. వచ్చే పాఠంలోపు, మీరు కొనదలచుకోని పడవను ఒకదాన్ని ఎంచుకుని, ఓనర్‌కు ఆ సంగతి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఇద్దరూ వేర్వేరుగా, ఒకరి నోట్స్ ఒకరు చూడకుండా, డెక్ మొత్తం తట్టి కాగితం మీద పటం గీయండి. మాస్కింగ్ టేప్ వాడితే మొదటివాళ్లు తీసేశాకే రెండోవాళ్లు మొదలుపెట్టాలి. తర్వాత జెట్టీకి కట్టి ఉన్నప్పుడే, ఇద్దరిలో బరువైన మనిషిని బోసన్స్ చెయిర్‌లో (తాడుకు వేలాడదీసే కుర్చీలో) కూర్చోబెట్టి, తేలికైన మనిషి ఒంటరిగా హ్యాలియార్డ్, వించ్‌తో (తాడు లాగే చేతి యంత్రంతో) లైఫ్‌లైన్ల (డెక్ చుట్టూ ఉండే కంచె తీగల) ఎత్తుకు లేపాలి, మెల్లగా దించాలి. నీళ్లలో పడ్డ మనిషిని పైకి తెచ్చే దారి చివరికి అదే కాబట్టి ఏ వించ్‌తో, ఎంతసేపట్లో అయిందో రాసుకోండి. కాకపోతే ఎక్కడ ఆగిపోయారో రాయండి. రెండు పటాలూ, ఈ నోట్సూ నాకు పంపండి. పటాలు కలవని చోట్ల నుంచే అయిదో పాఠం మొదలుపెడతాను, ఆ తర్వాత సర్వేయర్‌ను ఎంచుకోవడం.