హైపర్‌థెర్మియాకి వెళ్లే ముందు చూసుకోవాల్సినవి

ముందుగా ఒక మాట. ఇంట్లో వేడినీళ్ల బ్యాగుతో పెట్టుకునే కాపడం, హైపర్‌థెర్మియా అనే ఈ క్యాన్సర్ చికిత్స రెండూ ఒకటి కాదు. ఇక్కడ కణితిని మెషీన్‌తో దాదాపు 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు, అదీ ఎక్కువగా రేడియేషన్‌కో కీమోకో తోడుగానే. ఇదొక్కటే చాలు, అవి మానేయండి అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

– పేస్‌మేకర్, ఒంట్లో రాడ్లు, స్క్రూలు, గర్భం: ఏది ఉన్నా ముందే చెప్పాలి. ఎప్పుడో పదేళ్ల కిందట వేసిన ప్లేటు కూడా లెక్కే.

– షుగర్ వల్లో పాత ఆపరేషన్ వల్లో వేడి పెట్టే చోట చర్మం మొద్దుబారిందా? అసలు ప్రమాదం ఇదే, ఎందుకంటే కాలుతున్నా మీకు తెలియదు, తెలియకపోతే మీరు చెప్పరు, చెప్పకపోతే వాళ్లు వేడి తగ్గించరు, చివరికి బొబ్బలు.

– నొప్పికి ఒంటి మీద అంటించుకునే మందు పట్టీ ఉంటే చూపించండి. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువగా ఒంట్లోకి దిగొచ్చు.

– గొలుసులు, ఉంగరాలు, హుక్కులున్న బట్టలు తీసేయాలి.

– వేడి ఎంతుందో చూడటానికి సన్నటి ప్రోబ్ పెడతారు, కొన్నిసార్లు కణితి లోపలికే. టెన్షన్ పడకుండా మత్తిస్తారా అని అడిగేయండి.

– సుమారు గంట పడుతుంది. మధ్యలో ఒకచోట చురుక్కుమంటే పంటి బిగువున ఓర్చుకోకండి, వెంటనే నోరు తెరిచి చెప్పండి.