టియర్‌డ్రాప్ ట్రెయిలర్‌తో తొలి క్యాంపింగ్: నొప్పి ఒకచోట, మందు ఇంకోచోట

అమెరికాలో మనవాళ్లు టెంట్ నుంచి ఒక మెట్టు ఎక్కాలనుకుంటే ముందు చూసేది టియర్‌డ్రాప్ ట్రెయిలరే. కారు వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న బండి అది: ఇద్దరు పడుకునే గది, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు, ఒకటే ఇరుసు. ఇంత చిన్న బండిలో పాడవడానికి ఏముంటుందిలే అనిపిస్తుంది. నిజానికి పాడయ్యేవి తక్కువే. చిక్కల్లా లక్షణం ఒకచోట కనపడి, కారణం ఇంకోచోట దాక్కోవడం. బండి ఊగితే హిచ్‌ని, అంటే కారు వెనక ట్రెయిలర్‌ని తగిలించే అమరికని, అనుమానిస్తాం, ఫ్రిజ్ ఆగితే ఫ్రిజ్‌ని తిడతాం, పైనుంచి చుక్క పడితే కప్పు కారుతోందని కంగారు పడతాం. చాలాసార్లు ఈ మూడింటి తప్పూ ఉండదు. తొలి ట్రిప్‌లో ఎదురయ్యే క్రమంలోనే ఒక్కొక్కటీ చూద్దాం.

హైవే ఎక్కి వేగం గంటకి 55 మైళ్లు దాటగానే వెనక బండి అటూ ఇటూ ఊగుతోంది

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. ముందు ఆ క్షణంలో ఏం చేయాలో చూద్దాం. బ్రేక్ గట్టిగా తొక్కకండి. ఊగుడుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పకండి. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గేదాకా ఓపిక పట్టండి. ట్రెయిలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటే, కారులోని కంట్రోలర్ మీట చేత్తో నొక్కి ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేయండి. తర్వాత పక్కకి తీసి ఆపండి.

కారణం దాదాపు ఎప్పుడూ బరువు సర్దిన తీరే. వంటగట్టు ఇరుసుకి వెనక ఉంటుంది. మనం సర్దేవన్నీ అక్కడికే చేరతాయి: ఐసు నింపిన కూలర్, 20 లీటర్ల నీళ్ల క్యాను, బియ్యం, ఇనప పెనం, కుక్కర్. ఇరుసుని మధ్యలో పెట్టుకుంటే బండి ఒక తక్కెడ. వెనక బరువు పెరిగితే ముందు మొన తేలిపోతుంది. ఆ మొన, అంటే టంగ్, హిచ్ బాల్ మీద మోపే బరువు ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. సామానుతో కలిపి 1,200 పౌండ్లున్న ట్రెయిలర్‌కి 120 నుంచి 180 పౌండ్లన్న మాట.

కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. సామానంతా సర్దాక, చదునైన నేల మీద చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టండి. కారుకి తగిలించినప్పుడు కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రెయిలర్ ముందు కొస) ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు చెక్కదిమ్మని మిషన్ మీద నిలబెట్టి, కప్లర్‌ని దాని మీదకి దించండి. ట్రెయిలర్ ముందు భాగాన్ని ఎత్తిపట్టే జాక్ కాలు నేలని వదిలాక కనపడే అంకె అసలు సంగతి చెబుతుంది. 90 పౌండ్లు చూపిస్తే నీళ్ల క్యానుని కారులోకి, కూలర్‌ని ఇరుసు ముందుకి మార్చి మళ్లీ తూచండి.

బరువు సరిపోయినా ఊగుతోందా? దూరంగా నిలబడి పక్కనుంచి చూడండి. పెద్ద ఎస్‌యూవీ హిచ్ ఎత్తుగా ఉండి ట్రెయిలర్ ముక్కు పైకి లేచి కనిపిస్తే, బాల్‌ని కిందికి దించే డ్రాప్ మౌంట్ కావాలి. తర్వాత టైర్లలో గాలి. ఇవేవీ చూడకుండా ఊగుడు ఆపే బార్ కొని బిగించడం నాకు నచ్చని పని. జబ్బు కనపడకుండా పోతుందే గానీ కుదరదు. ఇంకో మాట: ట్రెయిలర్ టైర్లలో కొన్నిటిని గంటకి 65 మైళ్ల వేగానికే తయారు చేస్తారు. కాలిఫోర్నియాలో అయితే ట్రెయిలర్ లాగే బండికి చట్టమే 55 దాటనివ్వదు.

హిచ్ దగ్గర టకటకమని శబ్దం

వెంటనే ఆపి బాల్ సైజు చూడండి. బాల్ పైన, కప్లర్ మీద రెండుచోట్లా సైజు చెక్కి ఉంటుంది. 2 అంగుళాల కప్లర్‌ని 1⅞ అంగుళాల బాల్ మీద పెట్టినా కూర్చుంటుంది, మీట కూడా పడుతుంది. గతుకులో ఊడుతుంది. తగిలించాక ట్రెయిలర్ జాక్‌ని నాలుగు చుట్లు పైకి తిప్పి చూడండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టు పడినట్టు. కప్లర్ ఒక్కటే లేస్తే పడనట్టు. గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వచ్చేలా తగిలించండి.

కుడి ఇండికేటర్ వేస్తే రెండు లైట్లూ మసకమసగ్గా వెలుగుతున్నాయి

బల్బులు మార్చకండి. తెల్ల వైరు, అంటే గ్రౌండ్, ఫ్రేముకి బిగించినచోట తుప్పో పెయింటో అడ్డం పడి ఉంటుంది. స్క్రూ విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి.

రివర్స్‌లో ట్రెయిలర్ మాట వినడం లేదు

పెద్ద ట్రెయిలర్ కంటే చిన్నదాన్ని వెనక్కి నడపడమే కష్టం. పొట్టి బండి కాబట్టి చిటికెలో మడత పడిపోతుంది. స్టీరింగ్‌ని అడుగున పట్టుకుని, ట్రెయిలర్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటే జరపండి, అదీ కొంచెం కొంచెంగా. అద్దంలో కనపడకుండా పోయిందంటే సరిచేసే ప్రయత్నం మాని ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి. నేల చదునుగా ఉంటే హిచ్ విప్పేసి ఇద్దరు కలిసి నెట్టేయొచ్చు. పక్క సైట్ వాళ్లు చూస్తారన్న మొహమాటం అక్కర్లేదు, వాళ్లూ చేసే పనే అది. వాలు మీద మాత్రం వద్దు.

ఇంటి దగ్గర పనిచేసిన ఫ్రిజ్ అర్ధరాత్రి ఆగిపోయింది

పొద్దున్నుంచీ కారుకే తగిలించి ఉంది కదా, బ్యాటరీ నిండే ఉంటుందనుకుంటాం. కారునీ ట్రెయిలర్‌నీ కలిపే వైరుది నాలుగు పిన్నుల చదునైన ప్లగ్గయితే అందులో ఛార్జింగ్ వైరే ఉండదు, లైట్లకే సరి. ఏడు పిన్నుల గుండ్రటి ప్లగ్‌లో ఆ వైరుకి చోటు ఉంటుంది గానీ, సన్నగా పొడుగ్గా ఉంటే కరెంటు నూలుపోగంత వస్తుంది.

తేల్చుకోవడానికి ఇంజన్ ఆన్ చేసి, ట్రెయిలర్ బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 13.5 వోల్టుల పైన చూపిస్తే ఛార్జవుతోంది. ఇంజన్ ఆపి ఉన్నప్పటి అంకే కదలకుండా కూర్చుంటే అవడం లేదు. అసలు మందు కారు కరెంటుతో ట్రెయిలర్ బ్యాటరీని సరిగ్గా నింపే డీసీ-డీసీ ఛార్జర్, లేదా కరెంటున్న సైట్ బుక్ చేసుకోవడం. ఈ ట్రిప్ గట్టెక్కాలంటే లెక్క చూసుకోండి. 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే 50. ఫ్రిజ్ సగటున గంటకి 2 ఆంపియర్లు తిన్నా ఒక్క రోజుకే సరి. కాబట్టి ముందురోజే ఇంట్లో గోడ ప్లగ్‌కి పెట్టి చల్లబరిచి, లోపల పెట్టేవి కూడా చల్లవే పెట్టండి. బ్యాటరీ లిథియందైతే దాదాపు మొత్తం వాడుకోవచ్చు కానీ, గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు.

తెల్లారేసరికి పైనుంచి చుక్కలు, పరుపు కింద తడి

వాన పడలేదు, అయినా కప్పు మీద నీటి బొట్లు. దాన్ని చూసి సీలెంట్ ట్యూబుతో కప్పెక్కేవాళ్లున్నారు. ఆ నీళ్లు మీవే. ఇద్దరు మనుషులు రాత్రంతా ఊపిరితోనూ ఒంటి చెమటతోనూ దాదాపు అర లీటరు ఆవిరి వదులుతారు. మంచం అంత గదిలో అది చల్లటి గోడకి తగిలి నీరవుతుంది. నిజమైన లీకైతే వాన తర్వాత, ఒకేచోట, మరకతో కనిపిస్తుంది. ఇది మాత్రం వాన లేని చలి రాత్రిళ్లలో, కప్పంతా సమంగా, కిటికీల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది.

చలేస్తోందని అన్నీ బిగించడమే కారణం. ఎదురెదురుగా ఉన్న కిటికీలు రెండూ వేలెడంత తెరిచి, కప్పు ఫ్యాన్‌ని అన్నిటికన్నా తక్కువ స్పీడులో పెట్టండి. దుప్పటి ఇంకోటి కప్పుకోండి. పరుపు ఎత్తి చూడండి: చెక్క మీద మీరు పడుకున్న ఆకారంలోనే తడి ఉంటుంది, ఒంటి ఆవిరి అక్కడిదాకా దిగి చల్లారినచోటు అది. పరుపు కింద గాలాడే జల్లెడ మ్యాట్ పరచండి, రోజూ పొద్దున పరుపుని గోడకి నిలబెట్టండి. రెండు ట్రిప్పులు పట్టించుకోకపోతే బూజు పడుతుంది. వేడి కోసం గ్యాస్ స్టవ్‌ని లోపల వెలిగించడం మాత్రం ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. అలారం పెట్టుకోండి.

పొద్దున్నే స్టవ్ మంట చచ్చుగా ఉంది

సన్నటి బ్యూటేన్ క్యానైతే నీళ్లు గడ్డకట్టే చలికి దగ్గరయ్యేసరికి లోపలి ద్రవం ఆవిరవడం మానేస్తుంది. కొండల్లోకి ప్రొపేన్ తీసుకెళ్లండి. ప్రొపేన్ ట్యాంకే వాడుతున్నా మంట రాకపోతే, వాల్వు గబుక్కున తిప్పి ఉంటారు. రెగ్యులేటర్ లీకనుకుని గ్యాస్‌ని నొక్కి పట్టేస్తుంది. స్టవ్వూ ట్యాంకూ కట్టేసి, గొట్టం విప్పి, కాసేపాగి మళ్లీ బిగించి, ట్యాంకు వాల్వుని నిదానంగా తిప్పండి.

గంట గడిచినా పప్పు ఉడకలేదు

స్టవ్ తప్పేం లేదు. డెన్వర్ నుంచి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి వెళ్తే మొరైన్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్ 8,000 అడుగుల పైనే ఉంటుంది. అంత ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా ఆ వేడి దాటదు, గ్యాస్ తప్ప ఏదీ తరగదు. మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది, అన్నం పైన మెత్తగా లోపల ముల్లుగా దిగుతుంది. ఇక్కడ మన ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు. దాని లోపలి వేడి మైదానం మీదకంటే నాలుగైదు డిగ్రీలే తగ్గుతుంది. పొద్దున పప్పు నానేసి, మామూలు కంటే రెండు కూతలు ఎక్కువ రానివ్వండి. అయితే క్యాను పక్కనే అమరే పెట్టె స్టవ్ మీద పెద్ద కుక్కర్ పెట్టకండి. దాని అంచు క్యాను మీదకి వాలి, వేడికి క్యాను పేలొచ్చు. అలాంటి స్టవ్‌కి రెండు లీటర్ల కుక్కరే సరి.

నడిచొచ్చేసరికి సైట్ దగ్గర రేంజర్ పెట్టిన చీటీ

వంటగట్టు తలుపుకి తాళం వేశాం కదా అనుకుంటాం. ఎలుగుబంటికి ఆ పల్చటి తలుపు లెక్క కాదు. మన తాళింపు వాసన దానికి చాలా దూరమే పోతుంది. యోసెమిటీలో చీకటి పడ్డాక కారులో కూడా తిండి ఉంచనివ్వరు. ఊరగాయ సీసా, నూనె డబ్బా, చెత్త సంచీ, టూత్‌పేస్టు, సబ్బు, అన్నీ సైట్‌లో ఉండే ఇనప లాకర్‌లోకే. ఫ్రిజ్ సంగతి చెకిన్‌లో అడగండి, పార్కుకో నియమం ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఒక చక్రం దగ్గర కాలిన వాసన

ప్రతిసారి ఆగినప్పుడూ రెండు హబ్‌ల (చక్రం నడిమి భాగాల) దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే పర్వాలేదు. ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే బేరింగ్‌లో గ్రీజు అయిపోయి ఉండాలి, లేదా బ్రేక్ పట్టేసి ఉండాలి. చల్లారాక నెమ్మదిగా పోదాం అనుకోవద్దు, అక్కడే ఆపి టో ట్రక్‌ని పిలవండి. రోడ్‌సైడ్ ప్లాన్లు కొన్ని కారుని మాత్రమే లాగుతాయి, ట్రెయిలర్‌ని ముట్టుకోవు. మీది ఏ రకమో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.